బండకు బొట్టు

అడవి పార్కులో చెరువు పక్కనున్న బండ ఎక్కబోతే పదేళ్ల హన్విక బూట్లు బిగుసుకున్నాయి. “పడిపోగలరు” అన్నాయి మర్యాదగా. ఇప్పుడు అందరి బూట్లూ అంతే. ఇంట్లోనూ దేవుడి ముందూ తప్ప ఊడిరావు.

“అత్తా, జర ఎక్కనియ్యమను!”

మేనత్త బాలవ్వ ఉసిరిచెట్టు పూజకు తెచ్చిన పసుపు తీసి బండకు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది. బూట్లు కాసేపు ఆలోచించి వదులయ్యాయి. హన్విక వట్టికాళ్లతో ఎగబాకి, పైనుంచి చెరువంతా చూసి కేక పెట్టింది.

మరుసటి ఆదివారానికి బండ చుట్టూ విడిచిన బూట్లు, కొబ్బరికాయలు, పొడుగాటి లైను. హన్విక జనాన్ని తోసుకుంటూ పోయి బండ మీద కాలు పెట్టబోయింది.

బాలవ్వ హన్విక రెక్క పట్టి వెనక్కి లాగి, లెంపలేసుకుంది.

“పాపం తగుల్తది పోరీ! దేవుని మీదికెక్కుతరా?”