మలుపు దగ్గర

మలుపు దగ్గర ఐదుగురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. పరుగుపందెంలో తన జట్టుని వెంటేసుకుని వస్తున్న కోచ్‌కి వాళ్లను చూడగానే ఒళ్లు మండింది.

"కబుర్లు చెప్పుకోడానికి ఇదేమైనా మీ ఇంటి వరండానా? నడిచేవాళ్లు ఓ పక్కన నడవాలన్న ఇంగితం కూడా లేదు," అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు.

"అటు పక్కనుంచి వెళ్లండి బాబూ, ఇక్కడ ఒకావిడ పడిపోయింది," అంది వాళ్లలో పెద్దావిడ.

"నడవడం కూడా చేతకానివాళ్లు పందేలకెందుకు రావడం, మా ప్రాణాలు తీయడానికి కాకపోతే?" అంటూ ఆయన ఇద్దరి చేతులు విడదీసి లోపలికి దూరాడు.

పడిపోయినామె రోడ్డు మీద కూర్చుని మోకాలి రక్తం తుడుచుకుంటోంది. గుండెల మీద పందెం నంబరు పిన్నులతో గుచ్చి ఉంది. ఆ మాటలకు తలెత్తింది.

ఇంట్లో నిద్రపోతోందని ఆయన అనుకుంటున్న భార్య.



"మీలాగే పసుపు చొక్కాలేసుకున్న గుంపొకటి ఈవిడను గుద్దేసి, వెనక్కయినా చూడకుండా పోయింది. ఇంకెవరూ తొక్కకుండా మేం అడ్డం నిలబడ్డాం," అంది పెద్దావిడ. ఆయన కదలకుండా అలాగే చూస్తుండటంతో ఆమెకు అనుమానమొచ్చింది. "ఈయన నీకు కావలసినవాళ్లామ్మా?"

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరో. కాస్త జరగండి, పోతాడు."