ఉతకని కోటు

దొర భుజంతో ఒక్క తోపు తోశాడు. మేస్త్రి వెళ్ళి గడ్డిమోపు మీద పడ్డాడు.

దొర అంటే గుర్రం. ఎదురొచ్చినవాళ్ళే పక్కకు తప్పుకోవాలి కనుక గుర్రపుశాలలోవాళ్ళు పెట్టిన పేరది.

"గారాబం ఎక్కువ వీడికి," అన్నాడు గుర్రాల బాగోగులు చూసే మేస్త్రి, దుమ్ము దులుపుకుంటూ.

"ఇంకాస్త గారాబం చేస్తే నిన్ను మంచం మీద చూడాలి బావా," అన్నాడు ట్రైలర్ డ్రైవరు.

గుర్రాలు ఎక్కడానికి ట్రైలర్ వెనక పలక వాల్చి ఉంది. దొరకు ఎక్కడం రాక కాదు. ఒక్క దూకులో ఎక్కుతాడు. పగ్గం పట్టినవాణ్ణి గోడకు అదిమి, అంతే వేగంగా వెనక్కి దూసుకొస్తాడు.

యజమాని వరండాలోంచి అంతా చూశాడు.

"ఆదివారం శాల కొత్త చోటికి మారుతోంది మేస్త్రీ. వీడు కుదురుగా ఎక్కకపోతే ఇక్కడే అమ్మేస్తాను. ఎవరి చేతిలో ఎక్కితే వాళ్ళకే వీణ్ణి అప్పగిస్తాను. రేపు గుర్రాలకు తర్ఫీదిచ్చే ఒకావిడ వస్తుంది."

"నేనున్నాగా అయ్యా?"

యజమాని అతని కమిలిన భుజం వైపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కమిలిన మచ్చను మేస్త్రి ఇన్నాళ్ళూ చనువుకు గుర్తుగా దాచుకున్నాడు. దొరను పుట్టిననాటి నుంచీ పెంచినవాడు అతనే. గదికి వెళ్తే అతని కోసం తలెత్తి చూసేవారు మరొకరు లేరు.

ఆమె వచ్చింది. వెలిసిన బట్టలు, చిన్న సంచి. మొదటి రోజు గుర్రాన్ని తాకనే లేదు. అరుగు మీద కూర్చుని, మేస్త్రి దాణా పెట్టడం, ఒళ్ళు తోమడం, మధ్యలో దగ్గడం చూస్తూ ఉండిపోయింది.

"గుర్రాన్ని చూడమంటే నన్ను చూస్తావేంటమ్మా?"

"చూడనివ్వన్నా. ఇద్దర్నీ చూడాలి."

మర్నాడు పని మొదలైంది. పలక మీద ఒక కాలు. ఆగడం. వెనక్కి రావడం. మళ్ళీ ఒక కాలు.

"ఎక్కడం వాడికొచ్చు. ఆగడమే రాదు," అంది ఎవరో అడిగితే.

దొర తల దించాడు. ఆమెను తోయలేదు.

తనను తోసిన భుజం ఆమె పక్కన అణిగి ఉండటం మేస్త్రి కంట్లో నలుసై కూర్చుంది. అసూయకు చూపు లేదంటారు. ఉంది. మనిషి కంటే ముందే చూస్తుంది. చూడవలసినదాన్ని మాత్రం వదిలేస్తుంది.

నాలుగో రోజు సాయంత్రం మేస్త్రి చూస్తే కొక్కేనికి తన కోటు కనిపించలేదు.

"రోజూ ఆవిడే తొడుక్కుంటోంది," అన్నాడు డ్రైవరు నవ్వుతూ. "ఉద్యోగం కంటే ముందు కోటు పోయింది బావా!"

బయటి నుంచి దగ్గు వినిపించింది. ఆ వెంటనే, "పద నాయనా, పద."

గొంతు ఆమెది. ఆ దగ్గు మేస్త్రిది. ఆ మాట మేస్త్రిది. ఆ సాగతీత కూడా అతనిదే. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వుతున్నారు.

మేస్త్రి నేరుగా యజమాని దగ్గరకు వెళ్ళాడు.

"ఆవిడకి పగ్గం పట్టడమే రాదయ్యా. ఎడంచేత్తో పట్టి తడబడుతోంది."

"నీదీ ఎడంచెయ్యేగా?"

"నాది వాటం. ఆవిడది చేతగానితనం." అది చాలదనిపించింది. "పైగా వాణ్ణి కర్రతో కొట్టింది. నా కళ్ళారా చూశాను."

గుర్రాన్ని కొట్టినవాళ్ళకు ఆ శాలలో నిలువనీడ ఉండదు. యజమాని ఆమెను అప్పుడే వెళ్ళిపొమ్మన్నాడు.

ఆమె మేస్త్రి ముఖంలోకి చూసింది. కాదనలేదు. కోటు గుండీలు విప్పి, కొక్కేనికి తగిలించింది.

"ఉతకలేదన్నా. ఏమీ అనుకోకు."

"నా కోటు నేను ఉతుక్కోగలను."

"మరి గుర్రం సంగతి?" అన్నాడు యజమాని.

"ఎక్కుతాడండీ."

సంచి అందుకుని, గేటు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. మేస్త్రి కోపం కొద్దీ ఆ కోటును ముట్టుకోలేదు.

ఆదివారం తెల్లవారింది. మిగిలిన గుర్రాలన్నీ వెళ్ళిపోయాయి. డ్రైవరు దొర పగ్గం పట్టాడు. మరుక్షణం పలక పక్కన నేల మీద ఉన్నాడు.

"నావల్ల కాదయ్యా. ఆవిణ్ణే పిలవండి."

యజమాని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కసారి నన్ను చూడనివ్వండయ్యా," అన్నాడు మేస్త్రి.

చలిగా ఉంది. గత్యంతరం లేక కోటు తొడుక్కున్నాడు. ఎడంచేత్తో పగ్గం అందుకున్నాడు. అలవాటుగా దగ్గాడు.

దొర తల దించాడు.

"పద నాయనా... పద."

పలక మీద ఒక కాలు పడింది. ఆగింది. దొర చెవి అతని వైపు తిప్పి ఎదురుచూశాడు. మేస్త్రి మళ్ళీ దగ్గాడు. రెండో కాలు. అలా లోపలిదాకా. ఆ భుజం అతన్ని తాకనైనా తాకలేదు.

"ఏం మంత్రం వేశావ్ బావా?" అని బయటి నుంచి అరిచాడు డ్రైవరు.

దొర ఊపిరి కోటు మీద వెచ్చగా తగులుతోంది. అప్పుడు మేస్త్రికి గుర్తొచ్చింది: ఆమె గుండీలు విప్పినది, సంచి అందుకున్నది, గేటు వేసినది కుడిచేత్తో.

ఎడంచేత్తో తడబడుతూ, అతని కోటులో, అతని దగ్గుతో, ఆమె దొరకు అన్ని రోజులూ నేర్పినది మేస్త్రి మాట వినడమే.