నల్లబడని సీసాలు

“నీల్లు మంచివే పంతులమ్మా. మన జనానికే సుబ్రం లేదు,” అన్నాడు గవరయ్య దాదా.

బెంగాలీలో దాదా అంటే అన్న. ఏక్‌బాల్‌పూర్ తెలుగు బస్తీలో ఈ అన్న అన్నదే మాట. రేవులో మూటలు మోశాడు, తర్వాత జెండా మోశాడు, ఇప్పుడు వార్డు కమిటీని మోస్తున్నానంటాడు. మోయడానికీ మోసానికీ ఎంత దూరమో బస్తీలో ఎవరూ కొలిచి చూడలేదు.

ఎదురుగా నిలబడింది వేదవతి. బస్తీ ఆడపిల్లల బడికి కొత్తగా వచ్చిన సైన్సు టీచరు. పక్కన ఆమె శిష్యురాలు, తొమ్మిదో తరగతి అప్పాయమ్మ. అప్పాయమ్మ చెల్లెలు భానుమతి కామెర్లతో ఆసుపత్రిలో ఉంది. ఆ వీధిలో మంచం పట్టిన పిల్లల్లో ఆమె మొదటిదీ కాదు, ఆఖరిదీ కాదు.

“కొళాయి గొట్టం మురుగుకాలవలోంచి వస్తోందండీ. తుప్పుపట్టి చిల్లులు పడింది. కొత్తది వేయించండి,” అంది వేదవతి.

“వార్డుకొచ్చిందే ఒక్క వీదికి సరిపడా గొట్టం. మాకంటే మాకని అన్ని వీదులోల్లూ నా పీక మీద కూకున్నారు. మీ నీల్లు సెడ్డవని రుజువేటి? శనారం మీటింగులో సూపించు. గొట్టం మీదే.”

హైదరాబాదు వైపు కొళాయిని నల్లా అంటారు. ఈ బస్తీ కొళాయికి ఆ పేరే నప్పుతుంది. నీళ్లు ఒక్కోరోజు టీ రంగులో వస్తాయి, ఒక్కోరోజు తేటగా వస్తాయి. కంపు మాత్రం రోజూ వస్తుంది, నాగా పెట్టదు.

బడిలో ‘ప్రయోగశాల’ అని బోర్డుంది. శాల ఉంది, ప్రయోగం లేదు. పాత టీచరు పరీక్షనాళికల్లో అగరొత్తులు గుచ్చేది. పిల్లలు ప్రయోగాలన్నీ కంఠతా పట్టేవారు. ‘నీలి లిట్మస్ ఎర్రబడును’ అని పాడినవాళ్లే గాని లిట్మస్ మొహం చూసినవాళ్లు లేరు. ఎర్రబడటమంటే వాళ్లకు ఎన్నికలప్పుడు గోడలు చూస్తేనే తెలుసు.

వేదవతి బీరువా తాళం తీయించింది. పిల్లల చేతనే సీసాలు మరగబెట్టించింది. కాగితం ముక్కలకు మందు పట్టించి, ఆరబెట్టించి, సీసాకొకటి వేయించింది.

“ముట్టుకుంటే ఏటీ అవదా, దిదిమోణీ?” అంది అప్పాయమ్మ. ఈ ఊళ్లో టీచరమ్మను అలాగే పిలుస్తారు.

“చేతులు కడుక్కుంటే ఏమీ అవదు. ఇందులో నీళ్లు పోసి మూత పెట్టి ఉంచాలి. మురుగు కలిసిన నీళ్లయితే కాగితంతో సహా నల్లబడతాయి. కలవకపోతే అలాగే ఉంటాయి.”

కొళాయి తెల్లారకముందే వచ్చి వెళ్లిపోతుంది. బిందె పట్టుకుని వరసలో నిలబడేది తల్లులు. అందుకని సీసాలు తల్లులకే ఇచ్చి నింపించమంది.

అప్పాయమ్మ సీసాను తల్లి జగ్గమ్మ చేతిలో పెట్టింది. “రేపు మన నీల్లకి పరీచ్చమ్మా,” అని చెప్పి, చెల్లెలికి జావ పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

మర్నాడు సీసాలన్నీ వచ్చాయి.

“తేటగా ఉన్నాయి, దిదిమోణీ,” అంది అప్పాయమ్మ దిగులుగా.

“కంటికి తేటే. క్రిములు కంటికి కనబడితే ఇక సైన్సెందుకు?”

ఇంకో సీసాలో అప్పాయమ్మే స్వయంగా కాలవ నీళ్లు ముంచి తెచ్చింది. అది నల్లబడితేనే పరీక్ష సరిగ్గా ఉన్నట్టని వేదవతి బోధించింది. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లలు మాత్రం పాఠం మధ్యలో కూడా బీరువా వైపే చూశారు. తమ చేతులతో చేసిన మొదటి ప్రయోగం. వీధికి నీళ్లు తెచ్చే ప్రయోగం.

శనివారం మీటింగుకు బస్తీ సగం వచ్చింది. గవరయ్య దాదా ఎదుట బల్ల మీద వేదవతి సీసాలు వరసగా పెట్టించింది.

కాలవ నీళ్లు తారులా ఉన్నాయి. మిగతావాటిలో ఒక్క సీసా కూడా నల్లబడలేదు.

“పరీక్షే తప్పేమో,” అన్నారెవరో వెనకనుంచి.

“తప్పయితే ఈ కాలవ నీల్లెందుకు నల్లబడ్డాయి?” అన్నాడు గవరయ్య.

ఆ ప్రశ్న నేర్పిందే వేదవతి.

“నాను సెప్తే పార్టీ మాటంటారు. ఇప్పుడు సైన్సే సెప్పింది. గొట్టం పక్కవీదికి,” అని గవరయ్య లేచాడు. జనం కామ్‌గా ఉన్నారు. కామ్రేడ్లు అంతకంటే కామ్.

పిల్లలు సీసాలు ఏరుకున్నారు. ఎవరి మొహమూ ఎవరూ చూసుకోలేదు.

“నీల్లు మంచివైతే మా సెల్లికి కామెర్లెందుకొచ్చాయి, దిదిమోణీ?”

“తెలీదమ్మా,” అంది వేదవతి. టీచరయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. “ప్రయోగం అబద్ధం చెప్పదు. నేనే పొరబడ్డానేమో.”

అప్పాయమ్మ తల దించుకుంది. “అయితే సైన్సు నాకొద్దులెండి,” అంది మెల్లిగా.

వేదవతి ఆమెను ఇంటిదాకా దిగబెట్టింది. గుమ్మంలోనే జగ్గమ్మ ఎదురొచ్చింది.

“మా నీల్లు పాసయ్యాయా, పంతులమ్మా?”

“అయ్యాయమ్మా. అందరివీ పాసయ్యాయి.”

జగ్గమ్మ మొహం వెలిగింది.

“అవకేటి, మన కొళాయి కంపునీల్లు బడికంపితే పిల్లలు పరీచ్చ తప్పిపోతారు, పరువూ పోద్దనీసి, తల్లులందరం సీకట్నే రేవు ఆపీసర్ల కోటర్సుకెల్లి బతిమాలి మంచినీల్లు పట్టుకొచ్చినాం.”