ఎనిమిది గంటల కూత

"అమ్మా, ఎనిమిది కావస్తోంది. గేటు వేసేయనా?" అన్నాడు వాచ్‌మన్.

"వేసెయ్. మా చిన్నప్పుడు మిల్లు కూత కూయగానే ఈ గేటు పడేది. పదేళ్లలో ఒక్కరోజు కూడా నేను బయట నిలబడలేదు. ఈ పిల్లలకేం రోగం?" హెడ్‌మిస్ట్రెస్ విసుగ్గా నుదురు నొక్కుకుంది.

ఎదురుగా కూర్చున్న ముసలాయన ఒకప్పుడు ఆమె తండ్రితో కలిసి మిల్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టాడు.

"మిల్లు పడగొడుతున్నారమ్మా. మీ నాన్న బీరువాలో దొరికాయి."

అన్నీ నాన్న పేరిట మిల్లు ఇచ్చిన మెమోలే. కూత రెండు నిమిషాలు ఆలస్యం, సంజాయిషీ ఇవ్వవలెను. మూడు నిమిషాలు ఆలస్యం, సంజాయిషీ ఇవ్వవలెను.

"నాన్న అంత బద్ధకస్తుడా బాబాయ్?"

"బద్ధకమా! మీ అమ్మ మంచాన పడ్డాక ఇంటిపనంతా తెముల్చుకుని ఆపసోపాలు పడుతూ వచ్చేదానివి. మీ నాన్న కూత తాడు పట్టుకుని కిటికీలోంచి చూస్తుండేవాడు. నీ ఎర్ర రిబ్బన్లు ఈ గేటు దాటితేగాని లాగేవాడు కాదు."

బయట గేటు కిర్రుమంది.

ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. వీధి చివర ఎవరో పిల్ల, ఊడిన రిబ్బను చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. గోడగడియారంలో ఎనిమిది దాటి రెండు నిమిషాలైంది.

"ఆగవయ్యా," అని కేకేసింది. "ఇంకా ఎనిమిది కాలేదు."