సొంత రాత

"ఇన్ని తప్పులేంటమ్మా? చదివేది పీజీయా, ఒకటో తరగతా?" లెక్చరర్ విసుగ్గా వ్యాసాన్ని బల్లమీద పడేసింది.

విద్యార్థిని తల దించుకోలేదు. "కావాలనే పెట్టాను మేడమ్."

"నాతో వేళాకోళమా?"

"పోయినసారి కష్టపడి ఒక్క తప్పు లేకుండా రాశాను. ఏఐ రాసిందని సాఫ్ట్‌వేర్ తేల్చిందంటూ సున్నా వేశారు. నేనే రాశానని మొత్తుకున్నా వినలేదు. తప్పులుంటేనైనా మనిషి రాసిందని నమ్ముతారని..."

లెక్చరర్ బల్లమీది వ్యాసాన్ని పక్కకు జరిపింది.

"ఆ పాత వ్యాసం ఉందా?"

"ఉంది. మళ్లీ ఎందుకు మేడమ్? ఒకసారి చదివేశారుగా."

"లేదమ్మా," అంది లెక్చరర్, గొంతు తగ్గించి. "సాఫ్ట్‌వేర్ చెప్పింది కదా అని తెరిచి కూడా చూడలేదు. ఇలా ఇవ్వు, ఇప్పుడు చదువుతాను."