పైపు పరీక్ష

ఆ పొద్దు మబ్బులు పడమర నుంచి నల్లగా వచ్చి, ఊరి మీద కాసేపు ఆగి, ఒక్క చినుకు రాల్చకుండానే తూర్పుకు వెళ్లిపోయాయి. వాటి వెనకే ఎండ ఎక్కింది.

"నేను రాను పోండప్పా" అన్నాడు బొజ్జన్న. గడప మీద కూర్చున్నాడు. కాళ్లకు చెప్పులు కూడా వేసుకోలేదు.

వాకిట్లో జమాల్ బాషా టాటా ఏస్ ఇంజను ఆడుతూ ఉంది. రోజూ ఉల్లిగడ్డలు తోలే బండి. ఈ రోజు ఖాళీగా వచ్చింది. ఇంకో స్నేహితుడు వీరభద్ర అప్పటికే ఎక్కి కూర్చుని తల బయట పెట్టాడు.

"రాకుంటే ఎత్తి వెనకాల ఏస్తాం. ఉల్లిగడ్డ మూట కన్నా తేలిగ్గుండావు ఇప్పుడు."

"గడ్డ తీసేసిరి. ఉచ్చ తెల్లగా వస్తాండాది. మళ్లా ఆ పైపు ఏంటికి? మీకేం, పెట్టేది మీకు కాదు కదా."

మూత్రాశయంలో గడ్డను కర్నూలులో తీసి మూడు నెలలైంది. అక్కడున్నన్నాళ్లూ వీరభద్ర అతని మంచం కింద చాప వేసుకుని పడుకున్నాడు. మూత్రం సంచిని జమాల్ వంచి పారబోసేవాడు. ఊరికి తెచ్చిన రోజు, పదిమంది కంట పడకుండా ఆ సంచిని తన తువ్వాలలో చుట్టి పట్టుకుని, ఇంటిదాకా బొజ్జన్న పక్కనే నడిచాడు. గడ్డ మళ్లీ మొలిచే రకమని, మూడు నెలలకోసారి పైపు వేసి లోపల చూడాలని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆలస్యం చేస్తే ఈసారి మూత్రపు తిత్తే తీసేయాల్సి వస్తుందని, అప్పటికీ ప్రాణానికి పూచీ లేదని కూడా చెప్పింది.

సోమక్క రొట్టెల మూట బండిలో పెట్టి, మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వన్నా చెప్పు జమాలన్నా. సంవత్సరం పొడుగునా నెత్తురు పోతాంటే ఈ మనిషి నోరు తెరిచినాడా? పోసిన చోటల్లా కాలితో మన్ను నూకి కప్పెట్టినాడు, పిల్లి మాదిరి. కుడి చెప్పు కొసకు తడిమన్ను అంటుకోనుండేది. రోజూ నేనే కడుగుతాంటి. వాన లేని ఊర్లో తడిమన్ను యాడిదని ఒక్క పొద్దన్నా అడగకపోతి."

"చెప్పింటే ఏం చేస్తువు? కూర్చోని ఏడుస్తువు. చేను కోతకు వచ్చిండె. అది అయినంక చూద్దాంలే అనుకుంటి."

"అనుకుంటా అనుకుంటా ఏడాది చేస్తివి" అన్నాడు వీరభద్ర.

జమాల్ బాషా బండి దిగాడు. గోడ పక్కనున్న బొజ్జన్న చెప్పులు తెచ్చి, వంగి, అతని కాళ్ల ముందు పెట్టాడు.

"రా బొజ్జా. నేనుండా కదా."

బొజ్జన్న లేచాడు.

దారి పొడుగునా ఎండిన కంది చేలు. వీరభద్ర కునుకు తీస్తున్నాడు. జమాల్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"పైపు పెడితే శానా నొప్పా?"

"పెట్టేటప్పుడు కాదు. తర్వాత మంట. మిరప్పొడి సల్లినట్లుంటాది."

"మత్తు ఇయ్యరా?"

"ఏందో పూస్తారు. ఏమప్పా, డాక్టరు పరీక్షకు పోతాండావా, ఇన్ని అడుగుతాండావు?"

"ఊరికే."

కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు. "మొదటి పొద్దు ఆయమ్మకు ఎట్ల చెప్పినావు?"

"నేనేం చెప్పలా. సిగ్గుతో గోడ దిక్కు చూస్తాంటి. వీరభద్రే చెప్పినాడు."

జమాల్ తల ఊపాడు.

ఆసుపత్రిలో బొజ్జన్నను లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. చాలాసేపటికి బొజ్జన్న గోడ పట్టుకుంటూ వచ్చాడు. మొహమంతా చెమట.

"ఏమన్నారు?" వీరభద్ర లేచాడు.

"ఏం లేదంట. టీవీలో నాకే చూపించింది. శుభ్రంగా ఉండాదంట."

వీరభద్ర కళ్లు తుడుచుకుని, "అనవసరంగా డీజిలు తగలేస్తివి కదప్పా" అన్నాడు. జమాల్ బాషా బొజ్జన్న చేయి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

తిరుగు దారిలో కోడుమూరు దాటాక ఒక వేపచెట్టు కింద బండి ఆపారు. నేల పగుళ్లిచ్చి ఉంది. "ఒంటికి పోయొస్తా" అని జమాల్ ముళ్లకంపల వెనక్కి వెళ్లాడు. వీరభద్ర పట్ట పరిచి మూట విప్పాడు. జొన్న రొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి, ఉల్లిగడ్డ. బొజ్జన్న చెప్పులు విప్పి మెల్లగా కూర్చున్నాడు.

జమాల్ రావడానికి ఆలస్యమైంది. వచ్చి చెప్పులు విప్పి, ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

"తినండప్పా. ఈ పొద్దుతో వీని సంచులు మోసే పని తప్పింది మనకు" అన్నాడు వీరభద్ర. "సోమక్కతో చెప్పి ఒక కోడిని కోయించాల."

బొజ్జన్న నవ్వాడు. రొట్టె తుంచి నోటి దాకా తీసుకుపోయిన చేయి అక్కడే ఆగిపోయింది.

"ఏమాయె? మంట పుట్టిందా?"

బొజ్జన్న పట్ట అంచు వైపు చూస్తున్నాడు. వీరభద్ర కూడా అటు చూశాడు. ఇద్దరి చూపూ ఎక్కడుందో జమాల్ గమనించాడు. తల వంచుకున్నాడు.

బొజ్జన్న తన రొట్టె విరిచి, సగం జమాల్ ముందు పెట్టాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.

పట్ట అంచున మూడు జతల చెప్పులున్నాయి. రెండు జతల మీద పొడి దుమ్ము. జమాల్ బాషా కుడి చెప్పు కొసకు మాత్రం తడిమన్ను అంటుకొని ఉంది.