చెయ్యి లేచిన రోజు

ఆదిబాబు కుడిచెయ్యి కూతురు ప్రసన్న ఒళ్లో ఉంది.

గోరువెచ్చటి నూనె రాసి, బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పుతోంది.

రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఏళ్ల తరబడి సుత్తి పట్టిన చెయ్యి అది. ఇంట్లో అది లేచిందంటే కూతురు ఎక్కడుంటే అక్కడే ముడుచుకుపోయేది. చారు చల్లారినా లేచేది. అడిగినదానికి జవాబు ఆలస్యమైనా లేచేది. ఒక్కోసారి ఊరికే లేచేది.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది.

ఉత్తరాది ఉక్కు పట్నంలోని జుగ్సలాయి పేటలో వాళ్లుండే గల్లీ అంతా అయ్యో అంది. ప్రసన్న కూడా ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ మధ్య అదే పట్నం గోల్‌మురిలో, తను పాఠాలు చెప్పే స్కూల్లో, సుధారాణి టీచరు బీరువా మీది సుద్దముక్కల డబ్బా కోసం చెయ్యెత్తింది.

పక్కనే ఉన్న ప్రసన్న కుర్చీలోంచి జారిపోయి, రెండు చేతులతో తల కప్పుకుని నేల మీద కూర్చుంది.

స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మర్నాడు సుధారాణి ఒక ఫోన్ నంబరిచ్చింది.

*

సీతారాండేరాలో ఒక మేడ మీది గది. ఆ నంబరు కౌన్సెలర్ అలేఖ్యది. వయసులో ప్రసన్న కంటే చిన్నది. మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో దాక్కుంటుందని, ఒంటి నుంచే దాన్ని మాన్పాలని చెప్పింది.

"జరిగిందంతా చెప్పాలాండీ?"

"అక్కర్లేదు. మీ భుజాలెక్కడున్నాయో ఒకసారి చూసుకోండి."

చూసుకుంది. చెవుల దగ్గరున్నాయి.

"దించొద్దు. అలాగే ఉండనివ్వండి. పాదాలకు నేల తెలుస్తోందా?"

తెలిసింది. చల్లగా ఉంది.

"ఇప్పుడు మీ చేతులు ఏం చేద్దామనుకుంటున్నాయి?"

ప్రసన్న చేతులు వాటంతటవే లేచి, ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు గాలిని నెట్టాయి. మళ్లీ నెట్టాయి. ఒళ్లంతా వణికింది.

వణుకు ఆగాక ఊపిరి కడుపు దాకా దిగింది. అది అంత లోపలికి వెళ్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఆ మనిషి ఇంకా ఉన్నారా?" అని అలేఖ్య అడిగింది.

"ఉన్నారు. నేనే అన్నం తినిపిస్తాను."



*

ఇంటికి అప్పుడప్పుడూ ఫిజియోథెరపీకి రఘువీర్ వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ కసరత్తులు చేయించేది ప్రసన్నే.

ఒక ఆదివారం ఆదిబాబుని చూడటానికి షెడ్డులో పనిచేసిన కూర్మారావు వచ్చి కూర్చున్నాడు.

"ఎత్తండి అంకుల్. ఔర్ ఊపర్. ఇంకా పైకి," అన్నాడు రఘువీర్.

చెయ్యి కదిలింది. ఛాతీ దాటింది. భుజం దాటింది. తల మీదికొచ్చి గాలిలో నిలిచింది.

కూర్మారావు చప్పట్లు కొట్టాడు. ప్రసన్న తల్లి అసిరమ్మ కళ్లొత్తుకుని భర్త వైపు, దేవుడి పటం వైపు చూసి దణ్ణం పెట్టింది.

ప్రసన్న మంచం పక్కన నేల మీద ఉంది, తల కప్పుకుని.

"ఏటయిందే నీకు?" అంది అసిరమ్మ. వెంటనే కూర్మారావు వైపు తిరిగి నవ్వింది. "చిన్నప్పుణ్నుంచీ ఇంతే అన్నయ్యా. నాన్నంటే బయ్యం దీనికి. ఆ బయ్యం వల్లే నాలుగక్షరాలొచ్చాయి."

ఆదిబాబు చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆయన కూతుర్నే చూస్తున్నాడు. నోటికి ఎడమ పక్కన నవ్వు. చెయ్యి లేచినందుకో, మరెందుకో.

ఆ సాయంత్రం వంటింట్లో ప్రసన్న అడిగింది. "నా చిన్నప్పుడు ఆ చెయ్యి లేస్తే నువ్వు చూసేదానివి కదమ్మా?"

అసిరమ్మ అన్నం వార్చడం ఆపలేదు.

"ఇప్పుడవన్నీ ఏల? మనిషే పడిపోయాడు. ఆ చెయ్యి బాగయితే ఆయన కూడు ఆయన తింటాడు. నీకే సుకం."

*

మర్నాడు కసరత్తు వేళకి ప్రసన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

మంచానికి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. పాదాలు నేల మీద ఆనించింది.

ఆదిబాబు చెయ్యి చాపాడు.

ఆమె పట్టుకోలేదు.

"సేయిత్తన్నావేటే?" వంటింట్లోంచి అసిరమ్మ.

"చేయిత్తన్నానమ్మా."

రోజూ అంతే. మొదట్లో ఆయన చెయ్యి చాపేవాడు. తర్వాత చాపడం మానేశాడు.

సీతారాండేరాలో అలేఖ్య సంతోషపడింది. "భుజాలు ఎంత కిందికి దిగాయో చూశారా? నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ. బాగా."

"ఇంట్లో ఏమైనా మారిందా?"

"లేదండీ."

*

వానలు పట్టాక రఘువీర్ మళ్లీ వచ్చాడు. ఆదిబాబు మోచెయ్యి తెరుచుకోలేదు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. ఎంత మెల్లిగా లాగినా ఆయన మూలిగాడు.

"రోజూ చేయిస్తున్నారు కదా దీదీ?"

ప్రసన్న కంటే ముందు అసిరమ్మే అందుకుంది. "ఒక్క పూట మాన్నేదు బాబూ. తలుపేసుకుని మరీ సేయిత్తది. కొడుకు కూడా ఇంత సెయ్యడు."

"క్యా కరేఁ, ఏం చేస్తాం అమ్మా. ఒక్కొక్కరికి ఇంతే." రఘువీర్ ఆ చేతిని దుప్పటి మీద పెట్టేశాడు.

ఆదిబాబు కూతురి వైపు చూస్తూ నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. "ఆ... ఆ..." అంటున్నాడు. ఎడమచేత్తో మంచంకోడు కొడుతున్నాడు.

"ఏటంతన్నారే మీ నాన్న?" అంది అసిరమ్మ.

ప్రసన్న ఆయన కళ్లలోకి చూసింది.

"దాహమంతన్నారమ్మా," అని నీళ్లు తేవడానికి లేచింది.